దట్టపు చేలకు తగిన కుక్క ఏది?

ఎద్దును కొనునప్పుడు మన రైతు పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, నలుగురి నడిగి తెలిసికొనును. గేదెను కొనునప్పుడు పొదుగు చూచును, రెండు పూటలు పాలు పిండించి చూచును. కుక్క విషయమున మాత్రము ఇట్టి విచారణ ఏదియు లేదు. వీధిలో దొరికినదానిని తెచ్చి చేని గట్టున కట్టుటయో, పట్టణమున ఎవరి ముంగిటనో చూచిన బొచ్చుకుక్కను ముచ్చటపడి వేలకు వేలు పోసి కొనుటయో జరుగుచున్నది. కుక్కయు పని జంతువే. పని యెట్టిదో నిర్ణయింపక జంతువును కొనుట, నేల యెట్టిదో చూడక విత్తనము చల్లుట వంటిది. కావున తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల దట్టపు చేలయందు పని చేయదగిన కుక్క యెట్టిదో, దాని నెట్లు ఎన్నుకొనవలెనో ఈ సంచికలో విన్నవించుచున్నాము.

మొదట చట్టమును గూర్చి

కుక్కతో చేలలో తిరుగుట యనగానే పక్షుల వేట స్ఫురించును. మన డెల్టా పొలములలో పూరేడు, కౌజు, నీటికోడి, ఉల్లంకి మున్నగు పక్షులను కుక్కలతో లేపి కొట్టుట పూర్వము వాడుకగా నుండెను. ఆ కాలము గడచిపోయినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రక్షిత పట్టికలలోని అడవి పక్షులను, జంతువులను చంపుటయే గాక వలపన్నుటయు, ఉచ్చు వేయుటయు, వేటకై తరుముటయు నేరములే. 2022లో ఈ చట్టమును సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. సాధారణ నేరములకు మూడు సంవత్సరముల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మొదటి పట్టికలోని జంతువుల విషయమున శిక్ష ఇంకను కఠినము. రేపల్లె దిగువ మడ అడవులలో సంచరించు బావురుపిల్లి అట్టి జంతువే. పిల్లియే గదా యని దాని మీదికి కుక్కను ఉసికొల్పినవాడు చిక్కులలో పడును.

అయినచో కుక్కకు చేలలో పనియేమి? చాల కలదు. పంటను తిను పొలపు ఎలుక రక్షిత జంతువు కాదు. దానిని పట్టుట మొదటి పని. కోతల పిమ్మట పొలములలో మేపు బాతుల మందను జమ్ములోనికి చెదరిపోకుండ కాచుట రెండవది. రాత్రివేళ కళ్లమును, మోటారును, కోళ్లను కనిపెట్టి యుండుట మూడవది. ఈ మూడు పనులకును కుక్క దట్టమైన మరుగులో చొరబడగలిగి యుండవలెను. పక్షివేట కుక్కలను గూర్చి ఇతర దేశములవారు తరతరములుగా నేర్చిన పాఠము మనకిచ్చట అక్కరకు వచ్చును.

మరుగును బట్టి కుక్క

ఇంగ్లాండు మున్నగు దేశములవారు పక్షుల వేటకు కుక్కలను తీర్చునప్పుడు నేలను బట్టి వాటిని వేరుచేసిరి. పాయింటరు, సెట్టరు అను జాతులు విశాలమైన బయళ్లకు ఏర్పడినవి. అవి యజమానికి చాల దూరముగా పరుగిడి, పక్షి వాసన తగిలినంతనే కదలక నిలిచి దాని జాడను చూపును. బయలునందు ఈ గుణము మేలైనదే. కాని పొదలలో కుక్క నిలిచినచో నిలిచినట్లు ఎవరికి కనబడును? కావున దట్టపు పొదలకు స్పానియల్ అను పొట్టి జాతిని పెంచిరి. ఇది యజమానికి చేరువనే మెలగుచు, పొదలో దూరి, వాసన పట్టి, పక్షిని లేపును. అందులోనే కాకర్ అను చిన్న జాతికి ఆ పేరు పొదలలో నుండు ఉడ్‌కాక్ అను పక్షిని లేపుటవలన వచ్చినది. లాబ్రడారు జాతి న్యూఫౌండ్‌లాండ్ దీవి జాలరుల కుక్కల సంతతి. నీటిలో పడినదానిని నోట కరచి చెడకుండ తెచ్చుట దాని నైజము.

దీనినుండి మనము గ్రహింపవలసిన సూత్రములు మూడు. దట్టపు మరుగులో దూరము పరుగిడు కుక్క పనికిరాదు, చేరువ నుండునదే కావలెను. అచ్చట కన్ను కంటె ముక్కు ముఖ్యము. ఎత్తైన కుక్క కంటె మోకాలి యెత్తు కుక్కయే సులభముగా దూరగలదు.

మన మరుగును చూడుడు. తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపున అరటి, పసుపు, కంద తోటలు. రేపల్లె వైపున మురుగు కాలువల వెంబడి జమ్ము, తుంగ, గుర్రపుడెక్క. బాపట్ల తీరమున ఇసుక నేలలు, సరుగుడు తోపులు, సర్కారు తుమ్మ. ఇన్నిటియందును ముండ్లు, పల్లేరులు, జలగలు, బురద, గోమార్లు, వీటికి తోడు ఏడెనిమిది మాసములు వేడిమి, ఉక్క. పొడవు బొచ్చు గల స్పానియల్ గుణమునందు మన పనికి దగ్గరిదేయైనను, దాని చెవులలో బురదయు, బొచ్చులో పల్లేరులును, గోమార్లును చేరి అది సంవత్సరము తిరుగకముందే చిక్కిపోవును. మేమెరిగిన రైతొకడు అట్టి కుక్కను పట్టణమునుండి తెచ్చి, మొదటి వానకాలముననే గోమారి జ్వరమున పోగొట్టుకొనెను. లాబ్రడారునకు బొచ్చు పొట్టిదేగాని శరీరము బరువు. తిండి మెండు, పని కొంచెము అయినచో క్రొవ్వి, ఎండలో రొప్పుచు నీడను వదలదు. శ్రమపడి సాకగలవారు దానిని సాకవచ్చును గాని, సామాన్య రైతునకు దాని నిమ్మని చెప్పుటకు మాకు మనసొప్పదు.

మన దేశపు జాతులు

మన దేశమునను పేరుపొందిన జాతులు కలవు. కర్ణాటకమునందలి ముధోలు, తమిళనాటి రాజపాళయము, చిప్పిపారై ముఖ్యమైనవి. ముధోలు, రాజపాళయము జాతుల బొమ్మలతో 2005లో తపాలా శాఖవారు బిళ్లలను కూడ వెలువరించిరి. ముధోలు, చిప్పిపారై కుక్కలు సన్నని నడుమును, పొడవైన కాళ్లును గలిగి, కుందేటి వెంట మెట్టబయళ్లలో గాలివలె పోవును. కాని అవి కంటితో చూచి తరుము జాతులు. మన అరటితోటలో, జమ్ములో పది బారల దూరమునకు మించి కనబడదు. కంటికి కనబడనిచో వాటి వేగము వ్యర్థము. రాజపాళయము బలమైన కావలి కుక్క. అయితే ఆ తెల్లని జాతిలో కొన్ని పిల్లలు పుట్టు చెవుడుతో పుట్టును గనుక పరీక్షింపక కొనరాదు. మన రాష్ట్రముననే కర్నూలు జిల్లా పందికోన గ్రామము పేరిట ఒక జాతి కలదు. అది మెట్ట ప్రాంతమునకు అలవాటుపడిన గట్టి కుక్క. కావలికి మేలు.

మన డెల్టాకు పుట్టినింటి జాతి జోనంగి. ఇది ఒకప్పుడు తూర్పు తీరమున విరివిగా నుండెను. తరువాత కొల్లేటి పరిసరములలోను, మన రాష్ట్రమున మరికొన్ని చోట్లను మిగిలినది. దీని వెంట్రుకలు మిక్కిలి పొట్టివి. చూచుటకు నున్నగా వెంట్రుకలే లేనట్లుండును. నొసట ముడుతలు, నిక్కిన చెవులు, సుడితిరిగిన తోక. ఇతర కుక్కలవలె తరచుగా మొరుగక, రాగము తీసినట్లు ఒక వింత కూత కూయును. నేలలో గుంట త్రవ్వుకొని అందు పండుకొనుట దీని అలవాటు. ఎండ వేడిమిని తప్పించుకొనుటకు ఇంతకంటె చౌకయైన ఉపాయము మరొకటి లేదు. దీనిని తరతరములుగా వాడినది బాతులు కాయువారు. నీటిలోను, గడ్డిలోను చెదరిన బాతులను కరవకుండ కూడదీసి తెచ్చుట, రాత్రి నక్కను, జంగుపిల్లిని దరిజేరనీయకుండుట దీని వృత్తి. పక్షిని లేపు కుక్క గుణమును, పక్షిని కాచు కుక్క గుణమును ఒక్క జంతువునందే అమరినవన్నమాట.

ఇట్టి జాతికి పట్టిన గతి విచారకరము. కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు వ్యాపించిన కొలది బాతుల మందలు తగ్గెను. పని పోయిన కుక్కకు తిండియు పోయెను. యజమానులు విడిచిన జోనంగులు ఊరిమీద పడి మేకలను, కోళ్లను పట్టసాగగా జనులు వాటిని చంపిరి. మిగిలినవి ఊరకుక్కలతో కలిసిపోవుచున్నవి. కుక్క చెడినదని జనులనిరి. చెడినది కుక్క కాదు, దాని పని.

స్వచ్ఛమైన జోనంగి దొరకనిచో ఏమి చేయవలెను? పొట్టి వెంట్రుకలు, మోకాలి యెత్తు, చురుకైన ముక్కు గల మన ఊరకుక్కయే రెండవ స్థానమునకు తగినది. పేరు ముఖ్యము కాదు, పని ముఖ్యము. గాడిద పని గాడిద, కుక్క పని కుక్క చేయవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఏ కుక్క ఏ పని చేయగలదో కూడ చూడవలెనని మేము దానికి చేర్చుచున్నాము.

పిల్ల నెన్నుకొను విధము

1. తల్లిని పనిలో చూడనిదే పిల్లను తీసికొనవద్దు. తల్లి గట్టున ఎలుక బొరియను వాసన చూచునా, పిలిచిన వచ్చునా, బాతులను చూచి మీద పడునా, ఊరకుండునా యని గమనింపుడు. తండ్రిని కూడ చూడగలిగిన మంచిది.

2. ఎనిమిది వారములు నిండకముందు తల్లినుండి వేరుచేయవద్దు. త్వరగా వేరుచేసిన పిల్ల పిరికిదియో, కరచునదియో యగును.

3. ముక్కును పరీక్షింపుడు. ఎండుచేప ముక్కను వరిగడ్డిలో దాచి పిల్లలను వదలుడు. కన్నులతో వెదకి విసిగి పోవుదానిని విడిచి, తల వంచి ముక్కుతో వెదకుచు పట్టు విడువని పిల్లను ఎన్నుకొనుడు.

4. చెవిని పరీక్షింపుడు. పిల్ల వెనుకనుండి చేతులు చరచిన వెంటనే తిరిగి చూడవలెను. తెల్లని పిల్లల విషయమున ఈ పరీక్ష తప్పనిసరి.

5. శబ్దమునకు బెదరినను, కొంతసేపటికి తేరుకొని దగ్గరకు వచ్చు పిల్ల మేలైనది. మూలకు చేరి రానిది ఇంజను, ట్రాక్టరు చప్పుడుల నడుమ పని చేయజాలదు.

6. కాలి వ్రేళ్లు దగ్గరగా, పాదము గుండ్రముగా నుండవలెను. విచ్చిన పాదములు బురదలోను, ముండ్లలోను త్వరగా పుండ్లు పడును.

శిక్షణము

మూడవ మాసమున పేరు, "రా", "ఆగు" అను మాటలు నేర్పవలెను. ఇంటిలో ఒక్కరే ఒక్క రీతిగ పిలువవలెను. తండ్రి ఒక మాట, కొడుకు మరొక మాట వాడినచో కుక్క ఏ మాటయు నేర్వదు. నాలుగవ మాసమునుండి కోళ్లు, బాతులు ఉన్నచోట త్రాడు పట్టుకొని త్రిప్పి, వాటిని ముట్టరాదని అలవాటు చేయవలెను. ఈ వయస్సున కోడిని చంపనిచ్చిన కుక్క పెద్దదైన పిమ్మట మానదు. అటుపిమ్మట పొడవైన త్రాడుతో అరటితోటలోను, జమ్ములోను త్రిప్పి, పిలిచినంతనే వెనుకకు వచ్చునట్లు చేయవలెను. మరుగులోనున్న కుక్క ఎచ్చట నున్నదో తెలియుటకు మెడకు చిన్న మువ్వ కట్టుట మంచిది. పొదలలో పనిచేయు వేట కుక్కలకు ఇతర దేశములందును గంట కట్టుదురు. పాలపండ్లు ఊడి గట్టిపండ్లు వచ్చిన పిమ్మట, అనగా ఆరేడు మాసములు నిండిన తరువాతనే ఎలుకల పనికి దింపవలెను. అంతకుముందు పెద్ద ఎలుక ముట్టెమీద కరచిన పిల్ల భయపడి, పిదప బొరియ కడకు రాదు.

కొట్టి నేర్పువారు కలరు. దెబ్బ తినిన కుక్క పిలిచినప్పుడు రాదు. పిలుపునకు రాని కుక్క దట్టపు చేలో లేనట్టే.

ఎలుకల పనిలో కుక్క

ఎలుక గర్భధారణ కాలము సుమారు మూడు వారములు. ఒక్కొక్క ఈతకు ఆరేడు పిల్లలు సామాన్యము. గట్లలో బొరియలు చేసి, కంకులను కోసి లోపల నిలువజేయును. కావున పైరు పొట్టకు వచ్చిన పిదప మేల్కొనుట ఆలస్యమగును. అప్పుడు కుక్కను చేలోనికి తోలినచో ఎలుకలకంటె కుక్కయే ఎక్కువ పైరును త్రొక్కును. కాలువలు కట్టివేసిన వేసవిలోను, నాట్లకు ముందు గట్లు చెక్కునప్పుడును, మరల కోతల పిమ్మట మినుము చేలకు చుట్టునున్న పెద్ద గట్లమీదను ఈ పని జరుగవలెను.

క్రమ మిది. ముందుగా బొరియలన్నిటిని మట్టితో మూయవలెను. మరునాడు క్రొత్త మట్టి ఎగద్రోయబడిన బొరియలలోనే ఎలుక కలదు. కుక్కను గట్టువెంట నిదానముగా నడిపించినచో అది ఏ బొరియకడ నిలిచి మూలుగునో చూచి, మిగిలిన కన్నములను మూసి, ఒక దిక్కున త్రవ్వవలెను. వెలుపలికి దుమికిన ఎలుక కుక్కకు చిక్కును. తరతరములుగా ఎలుకలను పట్టు యానాదుల నేర్పును, ఎలుక బుట్టలను దీనికి జోడించినచో పని రెట్టింపగును. త్రవ్వువారు చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు ధరింపవలెను. ఎలుక మూత్రముతో తడిసిన బురదవలన లెప్టోస్పైరోసిస్ అను ప్రమాదకరమైన జ్వరము మనుష్యులకును, కుక్కలకును సోకును. బొరియలో త్రాచుగాని, రక్తపింజర గాని యుండవచ్చును. కుక్కను పాము కరచినచో మంత్రములతో, పసరులతో కాలము గడుపక వెంటనే పశువైద్యశాలకు కొనిపోవలెను.

ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. కుక్కతో పని చేయు పొలములో విషపు ఎరలు పెట్టరాదు. జింకు ఫాస్ఫైడు తిని చచ్చిన ఎలుకను కుక్క తినినచో దాని కడుపులోని విషము కుక్కకును సోకును. బ్రోమడయోలోన్ మెల్లగా పనిచేయు విషము. అది తినిన ఎలుక కొన్ని దినములు తిరిగి చచ్చును గనుక, ఎర పెట్టిన చేనికి దూరముననే కుక్కకు చిక్కవచ్చును. ఒక గ్రామమున ప్రక్క కమతపువాడు చెప్పక ఎర పెట్టగా, మంచి పనికుక్క యొకటి ఒక్క రాత్రిలో చచ్చినది. ఇరువురును ఒకే కాలువ క్రింది రైతులు. ఒక్క మాట చెప్పియున్నచో సరిపోయెడిది.

పోషణము, వైద్యము

అన్నము, రాగిసంకటి, చేప తలలు, మజ్జిగ, అప్పుడప్పుడు గ్రుడ్డు సరిపోవును. ఉడికించిన కోడి యెముకలు చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును గనుక పెట్టరాదు. ఆరు వారములు దాటగానే పార్వో, డిస్టెంపరు వ్యాధులకు టీకాలు మొదలుపెట్టవలెను. మూడవ మాసమున పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించి, పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువులకు తప్పక మరల వేయింపవలెను. ఈ వ్యాధి లక్షణములు మనుష్యునియందు కనబడిన పిమ్మట బ్రదుకుట దాదాపు అసంభవము. కావున కుక్క కరచిన వెంటనే గాయమును సబ్బుతో పదిహేను నిమిషములు పారు నీట కడిగి, ఆసుపత్రికి పోయి టీకాలు పూర్తిగా వేయించుకొనవలెను. టీకా వేయింపక కుక్కను పెంచువాడు తన ఇంటికే గాక ఊరికంతకును అపాయము తెచ్చినవాడగును. చేలనుండి వచ్చిన ప్రతి సాయంకాలము చెవులలోను, వ్రేళ్ల నడుమను చూచి గోమార్లను తీసివేయవలెను.

సంఘము చేయదగిన పని

ఒక్క రైతు తన గట్టును శుద్ధి చేసి, ప్రక్క రైతు ఊరకున్నచో ఆ ఎలుకలు మరుసటి పక్షమున తిరిగి వచ్చును. ఎలుకకు సరిహద్దు రాయి తెలియదు. కావున ఇది ఒంటరి పని కాదు, సహకారపు పని. మా సలహా యేమనగా: ఒక పిల్లకాలువ క్రింది పది పదునైదు మంది సభ్యులు కలిసి, మంచి లక్షణములు గల రెండు ఆడకుక్కలను, ఒక మగకుక్కను ఎన్నుకొని పెంచవలెను. ఏ కుక్కకు ఏ ఈతలో ఎన్ని పిల్లలు పుట్టినవి, ఎవరెవరికి ఇచ్చినది, ఏ పిల్ల ఎట్లు పని చేయుచున్నది అను వివరములను సంఘపు పుస్తకమున వ్రాసి యుంచవలెను. పనిలో నిలువని కుక్కలకు సంతాననిరోధ చికిత్స చేయించి, ఇంటి కావలికి ఉంచుకొనవలెను. వేసవిలో రెండు దినములు నిర్ణయించి, ఆయకట్టంతయు ఒక్కసారిగా గట్లు శుద్ధి చేయవలెను. ఆ దినములకు పూర్వము ఒక పక్షమునుండి ఎవరును విషపు ఎర పెట్టమని ఒడంబడిక చేసికొనవలెను.

ఇందువలన పంటకు మేలు కలుగుటయే గాక, మన నేలయందే రూపొందిన జోనంగి జాతికి మరల పని దొరకును. ఎద్దు అరకను బట్టి, ఆవు పాడిని బట్టి నిలిచినట్లే కుక్క జాతియు పనిని బట్టియే నిలుచును. జాలిచేత నాలుగు కుక్కలు బ్రదుకునేమో గాని జాతి బ్రదుకదు. కాలువలు కట్టివేయుటకు ముందే మీ గ్రామ సభ్యులు సమావేశమై, మీ యూరిలో గట్టువెంట తల వంచి వాసన చూచుచు నడచు కుక్కలు ఎన్ని గలవో లెక్కించి, వాటిలో మేలైన ఆడకుక్క ఎవరి యింట నున్నదో తెలిసికొనుడు. తక్కిన పనికి అదియే మొదలు.